పెంపుడు ఎలుకకు ఆయాసం వస్తే: కషాయమా, యాంటీబయోటిక్కా?

ఆరోగ్య పత్రికలలో ఎలుకను గురించి వ్రాయటమంటే సాధారణంగా దానిని ఇంటి నుండి సాగనంపే ఉపాయాలు వ్రాయటమే. గాదెలో ఏ ఆకు వేయాలి, కన్నంలో ఏ పొగ పెట్టాలి అన్న ప్రశ్నలకే మనం అలవాటుపడి ఉన్నాం. కాని తెల్ల ఎలుకలను పంజరంలో ఉంచి, పేరు పెట్టి, పిల్లలతో సమానంగా సాకే కుటుంబాలు ఇప్పుడు నగరాలలోనే కాదు, మా న్యాల్‌కల్ వంటి చిన్న మండల కేంద్రంలో కూడా ఒకటీ అరా కనిపిస్తున్నాయి. హైదరాబాదులో చదువుకొనే పిల్లలు సెలవులకు వస్తూ ఒక జతను వెంట తెస్తారు. తిరిగి వెళ్ళేటప్పుడు అవి తాతగారింటనే మిగిలిపోతాయి. కొన్ని నెలలకు వాటిలో ఒకటి తుమ్మటం మొదలుపెడుతుంది. ఇంటివారు తమకు తెలిసిన వైద్యుని వద్దకే వస్తారు కనుక నా వద్దకు కూడా వచ్చారు.

నేను మనుషులకు వైద్యం చేసే ఆయుర్వేద వైద్యుడను. జంతువులకు మందు వ్రాసే అర్హత నాకు లేదు. అయినా ఈ విషయాన్ని చేపట్టటానికి కారణం ఉంది. ఆయాసపడే ఎలుకకు మన ఇళ్ళలో మొదట జరిగే చికిత్స రెండు విధాలు. ఒకటి, పసిపిల్లలకు వేసినట్లు సాంబ్రాణి పొగ వేయటం. రెండు, బీరువాలో మిగిలిపోయిన యాంటీబయోటిక్ క్యాప్సూలును విప్పి, చిటికెడు పొడిని త్రాగే నీటిలో కలపటం. మొదటిది రోగాన్ని పెంచుతుంది. రెండవది చాలాసార్లు రోగాన్ని తాకనైనా తాకదు. ఎలుక ఆయుర్దాయం రెండు, మూడు సంవత్సరాలు మాత్రమే. దానికి ఒక వారం వృథా కావటమంటే మనకు నెలలు గడిచిపోవటం వంటిది.

శాస్త్రం ఏమంటున్నది?

మన ప్రాచీనులు పశువైద్యాన్ని ఉపేక్షించలేదు. ఏనుగుల వైద్యానికి పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదం ఉంది. గుర్రాల వైద్యానికి శాలిహోత్రుని సంప్రదాయం ఉంది. ఎలుకకు మాత్రం రోగి స్థానం దక్కలేదు. సుశ్రుత సంహిత కల్పస్థానంలో ఎలుకలకు ఒక అధ్యాయాన్నే కేటాయించి 18 రకాలను పేర్కొన్నా, అక్కడి చర్చ అంతా వాటి విషం గురించే. వారి దృష్టిలో ఎలుక కరిచేదే కాని జబ్బుపడేది కాదు. కనుక ఎలుకకు ఏ కషాయం చెప్పారని అడిగేవారికి శాస్త్రం పేరు మీద ఏదో ఒకటి నూరి ఇవ్వటం న్యాయం కాదు.

అయితే శ్వాసరోగానికి మన గ్రంథాలు చెప్పిన హేతువులు ఎలుకకు అచ్చంగా వర్తిస్తాయి. చరకుడు ఈ రోగ కారణాలను చెబుతూ దుమ్మును, పొగను, గాలిని ఎంచాడు. రోగ హేతువును తొలగించటం, అనగా నిదాన పరివర్జనం, చికిత్సలో మొదటి మెట్టు అని సుశ్రుతుడు స్పష్టం చేశాడు. పంజరాన్ని గురించి క్రింద వ్రాయబోయేదంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమని పాఠకులు గ్రహించవచ్చు.

మరొక సంగతి. ఎలుక వాంతి చేసుకోలేదు. దాని శరీర నిర్మాణమే అటువంటిది. కఫం పేరుకొన్నప్పుడు వమనం చేయించటం మనుషులకు విహితమైన చికిత్సే అయినా, ఎలుకకు అది అసాధ్యం. మనిషికి చెప్పిన చికిత్సను మోతాదు తగ్గించి ఎలుకకు ఇస్తే సరిపోతుందనుకొనేవారు ఈ ఒక్క ఉదాహరణను జ్ఞాపకం ఉంచుకోవాలి.

రోగానికి మూలం

మనం పెంచే తెల్ల ఎలుక ప్రయోగశాలలలో తరతరాలుగా పెరిగిన సంతతికి చెందినది. తెలుగునాట దాని ప్రసిద్ధమైన నివాసం హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. నీలగిరులలోని కూనూరులో 1918లో రాబర్ట్ మెక్కారిసన్ ఆరంభించిన చిన్న పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. కూనూరులో ఉండగా ఆయన ఎలుకలకు వేర్వేరు ప్రాంతాల ప్రజల ఆహారం పెట్టి పరిశీలించాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, మొలకెత్తిన పప్పుగింజలు, పచ్చి కూరలు తిన్న ఎలుకలు ఆరోగ్యంగా పెరిగాయి. ఆనాటి ఇంగ్లండులోని పేదల ఆహారమైన తెల్ల రొట్టె, మార్గరిన్, పంచదార వేసిన తేనీరు, డబ్బా మాంసం, ఉడికించిన కూరలు తిన్నవి కృశించాయి. వాటిలో ఊపిరితిత్తుల జబ్బులు, జీర్ణకోశ జబ్బులు అధికంగా కనిపించాయి. పెంపుడు ఎలుకకు బిస్కట్లు, టీలో ముంచిన రొట్టె పెట్టి మురిసిపోయే ఇళ్ళవారు ఈ సంగతిని కొంచెం ఆలోచించాలి.

ఇక రోగకారకం. ఎలుకల దీర్ఘకాలిక శ్వాసరోగానికి ముఖ్య కారణం మైకోప్లాస్మా పల్మోనిస్ అనే సూక్ష్మజీవి. ఈ కుటుంబానికి చెందిన సూక్ష్మజీవిని మొట్టమొదట 1898లో ఫ్రాన్సులో నొకార్, రూ అనే శాస్త్రవేత్తలు పశువుల ఊపిరితిత్తుల జబ్బు నుండి వేరుచేశారు. మన పెరటి కోళ్ళకు ముక్కు కారుతూ, రాత్రిళ్ళు గురగురమనిపించే దీర్ఘకాలిక శ్వాసరోగం కూడా ఈ కుటుంబంలోని మరొక జాతి వలన కలిగేదే. ఎలుకలకు వచ్చేది తల్లి నుండి పిల్లలకు, తుమ్ముల ద్వారా తోటి ఎలుకలకు అంటుకొంటుంది. ముక్కులో, నడిమి చెవిలో, శ్వాసనాళాల లోపొరపై ఉన్న సన్నని నూగును అంటిపెట్టుకొని ఉంటుంది. కొన్న రోజునే చాలా ఎలుకలలో ఇది ఉంటుంది. నెలల తరబడి నిద్రాణంగా ఉండి, వయసు పైబడినప్పుడు, వేరొక అంటురోగం తగిలినప్పుడు, లేదా గాలి చెడినప్పుడు విజృంభిస్తుంది. ఇది మనుషులకు అంటే జబ్బు కాదు. పిల్లలను ఎలుకకు దూరంగా ఉంచవలసిన పని లేదు. ముట్టుకొన్న తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవటం మాత్రం ఎప్పుడూ మానరాదు. ఎలుక కాటు వలన వచ్చే జ్వరం వేరే ఉన్నది.

గాలి చెడటమంటే ప్రధానంగా మూత్రం నుండి పుట్టే అమ్మోనియా వాయువు. 1976లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో, పది లక్షల పాళ్ళ గాలిలో 25 పాళ్ళ అమ్మోనియా ఉన్నా ఈ మైకోప్లాస్మా రోగం తీవ్రమవుతుందని తేలింది. మన ముక్కుకు లీలగా తెలిసీ తెలియని వాసన అది. కాని ఎలుక ముక్కు తడిసిన పడకకు రెండు వ్రేళ్ళ ఎత్తులోనే ఉంటుంది కదా!

లక్షణాలను గుర్తించటం

క్రొత్త ఇంటికి వచ్చిన మొదటి వారం ఒకటి రెండు తుమ్ములు సహజం. ముక్కు చుట్టూ, కళ్ళ అంచున ఎర్రని మరక కనిపిస్తే రక్తమని భయపడతారు. అది రక్తం కాదు. కంటి వెనుక గ్రంథి నుండి ఊరే ఎర్రని రంగుద్రవ్యం. ఎలుక కలతపడినప్పుడు, నలతపడినప్పుడు అది ఎక్కువగా స్రవిస్తుంది. నొప్పి ఉన్నా రావచ్చు, కనుక దీనినొక్కదానినే పట్టుకొని శ్వాసరోగమని నిర్ణయించరాదు.

ఎలుకను ఛాతీ వైపు నుండి చెవికి ఆనించుకొని నిశ్శబ్దంగా వినండి. ఆరోగ్యంగా ఉన్నదాని ఊపిరి వినిపించదు. పిల్లికూతలు, కరకరమనే చప్పుడు, తడి గురక వినిపిస్తే రోగం లోపలికి దిగినట్లే. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 70 నుండి 115 సార్లు ఊపిరి పీల్చటం ఎలుకకు సహజం కనుక, వేగాన్ని చూచి కంగారుపడనక్కర లేదు. ఊపిరి పీల్చేందుకు డొక్కలు ఎగరవేస్తున్నదా, వీపు గూనిలా వంచి ఒక మూల కూర్చున్నదా, బొచ్చు నిక్కబొడుచుకొని ఉన్నదా, తూకం తగ్గుతున్నదా అన్నవి చూడాలి. ఎలుక ముక్కుతోనే ఊపిరి తీసే ప్రాణి. అది నోరు తెరిచి ఎగపోస్తున్నా, చెవులు, పాదాలు నీలివన్నెకు తిరిగినా మరునాటికి ఆగరాదు. ముసలి ఎలుకలలో గుండె బలహీనతకు కూడా ఇవే లక్షణాలు ఉంటాయి. ఈ తేడాను పశువైద్యుడే చెప్పగలడు.

యాంటీబయోటిక్ ఎందుకు, ఏది, ఎంత?

మా వీధిలో ఒక ఉపాధ్యాయుని ఇంట రెండు ఆడ ఎలుకలు ఉండేవి. వాటిలో ఒకదానికి పదకొండవ నెలలో గురక మొదలైంది. అమ్మమ్మగారు మూడు రోజులు సాంబ్రాణి వేశారు. ఆ తరువాత ఉపాధ్యాయుడు తనకు పంటి నొప్పికి వ్రాసిన అమాక్సిసిలిన్ క్యాప్సూలును నీటిలో కలిపి పెట్టారు. ఆరవ నాడు ఎనిమిదవ తరగతి చదివే అమ్మాయి దానిని గంపలో పెట్టుకొని వచ్చి, “తాతా, దీనికి మీ వాసాకషాయం ఇవ్వండి” అన్నది. అడ్డసరం ఆకు కాసకు మంచిదని నేనే ఆ పిల్ల తల్లికి చెప్పి ఉన్నాను. కాని అప్పటికి ఆ ఎలుక డొక్కలు ఎగరవేస్తున్నది. కషాయంతో కాలక్షేపం చేయవద్దని, ఆ పూటనే బీదరు తీసుకుపోయి పశువైద్యునికి చూపమని చెప్పాను. మా మండలం కర్ణాటక సరిహద్దున ఉన్నది. 2004లో బీదరు కేంద్రంగా పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి నుండి ఇక్కడి వారికి అది అక్కరకు వస్తున్నది. హైదరాబాదు వారికి రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఉండనే ఉంది.

అమాక్సిసిలిన్ ఎందుకు పనిచేయలేదో చెబుతాను. పెన్సిలిన్ జాతి మందులు, సెఫలెక్సిన్ వంటివి సూక్ష్మజీవి చుట్టూ ఉండే గోడను కట్టుకోనివ్వకుండా చేసి దానిని చంపుతాయి. మైకోప్లాస్మాకు ఆ గోడే ఉండదు. గోడ లేని పాకకు గునపంతో కన్నం వేయబోవటం వంటిది ఆ వైద్యం. మైకోప్లాస్మాతో పాటు చేరిన ఇతర సూక్ష్మజీవులు ఉంటే ఆ మేరకు కొంత ఫలితం కనిపించవచ్చు. రెండు రోజులు తేరుకొన్నట్లు కనిపించి తిరిగి కూలబడటానికి ఇదొక కారణం. ఇక్కడే మరొక హెచ్చరిక. కుందేళ్ళకు, గినీపందులకు ఇదే అమాక్సిసిలిన్‌ను నోటి ద్వారా ఇస్తే ప్రేగులలోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి ప్రాణమే పోవచ్చు. ఎలుక తట్టుకొన్నదని ప్రక్క గూటిలోని కుందేలుకు ఇవ్వరాదు.

మైకోప్లాస్మాపై పనిచేసేవి వేరు. డాక్సీసైక్లిన్ ఆ జీవి మాంసకృత్తులను తయారు చేసుకోకుండా అడ్డుకొంటుంది. శ్వాసనాళాల వాపును కూడా కొంత తగ్గిస్తుంది. ఎన్రోఫ్లాక్ససిన్ దాని జన్యుపదార్థం నకలు కాకుండా చేస్తుంది. ఎలుకల విషయంలో అనుభవం గల పశువైద్యులు సాధారణంగా ఈ రెండింటిలో ఒకటి కాని, రెండూ కలిపి కాని వాడతారు. అజిత్రోమైసిన్ మరొక మార్గం. ఎదిగే వయసులోని పిల్ల ఎలుకలకు ఎన్రోఫ్లాక్ససిన్ కీళ్ళ మృదులాస్థిని దెబ్బతీయవచ్చు కనుక వాటికి ఆలోచించి ఇస్తారు. ఊపిరి మరీ బిగుసుకుపోతే శ్వాసనాళాలను విప్పే మందులు, ఆవిరి యంత్రం ద్వారా మందు, ప్రాణవాయువు కూడా అవసరం కావచ్చు.

మోతాదు లెక్క చూస్తే, ఇంట్లో చిటికెడు పొడి వేయటం ఎంత ప్రమాదమో తెలుస్తుంది. డాక్సీసైక్లిన్‌ను ఒక పూటకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున వైద్యుడు వ్రాశాడనుకొందాం. 300 గ్రాముల ఎలుకకు అది ఒకటిన్నర మిల్లీగ్రాములు. మనుషుల క్యాప్సూలులో 100 మిల్లీగ్రాములు ఉంటాయి. అంటే ఒక్క క్యాప్సూలు అరవైకి పైగా మోతాదులవుతుంది! చిటికెలో ఇరవై రెట్లు పడవచ్చు, ఏమీ పడకపోనూవచ్చు. అందుకే పశువైద్యుడు ద్రావకంగా తయారు చేయించి, చుక్కలలో కొలిచి ఇవ్వమంటాడు. వంటింటి త్రాసులో వారానికి రెండుసార్లు ఎలుకను తూచి వ్రాసుకొనటం ఇంటివారు చేయగల గొప్ప సహాయం. మోతాదు ఆ తూకం మీదనే ఆధారపడి ఉంటుంది.

త్రాగే నీటిలో మందు కలపటం సులువుగా తోస్తుంది కాని నమ్మదగినది కాదు. జబ్బు ఎలుక నీరు తక్కువ త్రాగుతుంది. చేదు తగిలితే అసలే త్రాగదు. డాక్సీసైక్లిన్ వెలుతురులో చెడిపోతుంది కూడా. సూది తీసివేసిన చిన్న పిచికారీతో దవడ ప్రక్క నుండి కొద్దికొద్దిగా ఇవ్వాలి. వెల్లకిల పట్టుకొని ఒక్కసారిగా పోస్తే మందు ఊపిరితిత్తులలోకి పోతుంది.

అనుపానం మాట. మన వైద్యంలో అనుపానానికి ఉన్న ప్రాధాన్యం తెలిసిన పాఠకులకు ఇది వెంటనే బోధపడుతుంది. పాలు, పెరుగు, జున్ను ఈ రెండు మందులకూ విరుద్ధ అనుపానాలు. వాటిలోని సున్నం మందును పట్టి ఉంచి ఒంటికి పట్టనివ్వదు. రెండు చుక్కల తేనె, నలిపిన అరటిపండు, పలుచని జొన్న అంబలి మంచివి. మా ప్రాంతం జొన్నకు పెట్టినది పేరు. ఆ ఎలుక కూడా గోరువెచ్చని అంబలిలో కలిపిన మందునే మారాం చేయక నాకింది.

మందు ఎన్నాళ్ళు? రెండు మూడు వారాలు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ. మూడవ నాటికే గురక తగ్గి, ఎలుక పంజరపు కడ్డీలు ఎక్కసాగుతుంది. సరిగ్గా అప్పుడే చాలామంది మందు మానేస్తారు. లొంగీ లొంగని సూక్ష్మజీవి తిరిగి తలెత్తుతుంది. రెండవసారి అదే మందు అంతగా పనిచేయకపోవచ్చు. ఇది ఒక ఎలుకకు పరిమితమైన విషయం కాదు. ఎన్రోఫ్లాక్ససిన్ శరీరంలో కొంత సిప్రోఫ్లాక్ససిన్‌గా మారుతుంది. అది మనుషులకు వాడే మందు. మన దేశంలో కోళ్ళకు, పశువులకు కొలిస్టిన్ వాడకాన్ని 2019లో నిషేధించినది ఇటువంటి భయంతోనే. యాంటీబయోటిక్ వాడటం తప్పు కాదు; చీటీ లేకుండా, లెక్క లేకుండా, మధ్యలో మానుతూ వాడటమే తప్పు.

ఈ మందులు రోగాన్ని అణచగలవే కాని మైకోప్లాస్మాను శరీరం నుండి పూర్తిగా వెళ్ళగొట్టలేవు. ఆయుర్వేదంలో యాప్యమని పిలిచే వర్గంలో దీనిని చేర్చవచ్చు. అంటే చికిత్స, పథ్యం సాగినంత కాలం అదుపులో ఉండే వ్యాధి. ఈ మాట ఇంటి పిల్లలకు ముందే చెప్పటం మంచిది. ఉపాధ్యాయుని ఇంటి ఎలుక ఆ తరువాత ఏడు నెలలు బ్రతికింది. మధ్యలో మరొకసారి మందు వాడవలసి వచ్చింది.

ఇంటివారి వంతు

మొదట పొగలన్నీ ఆపాలి. సాంబ్రాణి, అగరువత్తులు, దోమల చుట్టలు, వాము పొగ, పోపు ఘాటు, ఇవేవీ ఎలుక ఉన్న గదిలోకి రాకూడదు. కర్పూరం, నీలగిరి తైలం, రొమ్మున పూసుకొనే ఘాటైన లేపనాలు మన ముక్కును విప్పినట్లనిపించినా, ఆ చిన్న ఊపిరితిత్తులను మండిస్తాయి. కర్పూరం నాకితే మూర్ఛలు రావచ్చు. ఆవిరి పట్టాలనిపిస్తే స్నానాలగదిలో వేడినీళ్ళు పోసి, ఏమీ కలపని ఆ ఆవిరిలో పంజరాన్ని పది నిమిషాలు ఉంచవచ్చు. మిరియాలు, శొంఠి, పిప్పలి పొరపాటున కూడా వద్దు. జహీరాబాదు అల్లం ఎంత మంచిదైనా అది మన టీలోకే.

కోతమిల్లు పొట్టు పడకగా వేయటం మా వైపు అలవాటు. అది దుమ్ము. వరి ఊక కూడా అంతే. దేవదారు శ్వాసరోగాలకు మన ఔషధాలలో చేరేదే అయినా, దేవదారు, పైన్ వంటి సువాసన గల కర్రల పొట్టును ఎలుక క్రింద పరచరాదు. ఆ సువాసనే దానికి హాని. సిరా లేని కాగితపు ముక్కలు, ఉతికిన పాత నూలు గుడ్డలు శ్రేష్ఠం. తడిసిన భాగాన్ని ప్రతిరోజూ తీసివేసి, పడక అంతటినీ వారానికి రెండుసార్లు మార్చాలి. గాజు తొట్టెలో గాలి కదలదు కనుక నాలుగు ప్రక్కలా తీగల వల ఉన్న పంజరం వాడాలి. ఫినాయిలుతో కడగరాదు. వేడినీళ్ళు, కొద్దిగా సబ్బు చాలు, ఎండలో ఆరబెట్టాలి. చలికాలంలో రాత్రిపూట ఒక ప్రక్క మాత్రం దుప్పటి కప్పి, గాలి ఆడే దారి వదలాలి.

జంటలో ఒకటి జబ్బుపడితే రెండవదానిని వేరు చేయాలా అని అడుగుతారు. కలిసి పెరిగినవి అయితే రెండవదానికి ఆ సూక్ష్మజీవి అప్పటికే చేరి ఉంటుంది. ఒంటరి అయిన ఎలుక దిగులుపడి తిండి మానుతుంది కనుక వేరు చేయకపోవటమే మేలు. క్రొత్తగా కొన్నదానిని మాత్రం రెండు మూడు వారాలు వేరొక గదిలో ఉంచి, చూచి కలపాలి. మందు పూర్తయిన తరువాత కూడా నెల రోజులు ప్రతి సాయంత్రం చెవికి ఆనించి వినండి. తూకం వ్రాసుకొన్న కాగితాన్ని పారవేయక, మరల పశువైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు వెంట తీసుకుపోండి.